గాలిమర రెక్క: పన్నెండు రేకుల నుంచి మూడు రెక్కల దాకా

గాలి వేగాన్ని ఇరుసు తిప్పే బలంగా మార్చేది గాలిమర రెక్క. మర ఎంత కరెంటు ఇస్తుందో ముఖ్యంగా రెండు లెక్కలు తేలుస్తాయి: రెక్కలు చుట్టే వలయం వైశాల్యం, గాలి వేగపు ఘనం. సెకనుకు 7 మీటర్ల వేగంతో వీచే గాలిలో, 5 మీటర్ల గాలిలో ఉన్నదానికి దాదాపు 2.7 రెట్ల శక్తి ఉంటుంది. అందుకే ఆంధ్రప్రదేశ్‌లో గాలిమరలు అనంతపురం, కర్నూలు, కడప గుట్టల మీద గుమిగూడాయి. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప చేల మధ్య అరుదుగానే కనిపిస్తాయి. గాలి పలచగా ఉన్నచోట మిగిలే దారి రెక్క పొడవు పెంచడం, దాన్ని ఇంకా ఎత్తున నిలపడం. రెక్క చరిత్రలో ఎక్కువ భాగం ఈ దారి వెతుకులాటే.

మన రైతులకు మొదట పరిచయమైన గాలిమర కరెంటుది కాదు, నీళ్లది. 1980లలో కేంద్ర ప్రభుత్వ సంప్రదాయేతర ఇంధన వనరుల విభాగం దేశమంతటా ప్రదర్శనకు పెట్టించిన వాటిలో 12-పీయూ-500 అనే రకం ముఖ్యమైనది. వంపు తిరిగిన పన్నెండు ఇనుప రేకులు, 5 మీటర్ల వలయం. రేకులు ఎక్కువైతే చిన్న గాలికే మర కదులుతుంది, నెమ్మదిగా తిరుగుతూ పంపు కడ్డీని బలంగా లాగుతుంది. నీళ్లు పైపైనే ఉన్న బావులకు అది చాలు. నీరు లోతుకు దిగి బోర్లు వచ్చాక కరెంటు మోటారుదే పైచేయి అయింది.

కరెంటు తీయడానికి మాత్రం వేగం కావాలి. 1888లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో చార్లెస్ బ్రష్ కట్టిన మరకు 144 దేవదారు చెక్క రెక్కలుండేవి. 17 మీటర్ల వలయమున్నా అది ఇచ్చింది 12 కిలోవాట్లే. డెన్మార్క్‌లోని ఆస్కోవ్‌లో 1891 నుంచి ప్రయోగాలు చేసిన పాల్ లా కూర్, తక్కువ రెక్కలతో వేగంగా తిరిగే మరే కరెంటుకు మేలని చూపాడు. గాలి శక్తిలో గరిష్ఠంగా 59.3 శాతమే పట్టగలమని జర్మనీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ లెక్క కట్టాక ఇంజినీర్లకు ఒక హద్దు కనిపించింది.

ఆ హద్దు వైపు నడక నష్టం లేకుండా సాగలేదు. 1941లో అమెరికాలోని వెర్మాంట్ కొండ మీద నిలిపిన స్మిత్-పుట్నమ్ మర 1.25 మెగావాట్లది. దాని రెండు ఉక్కు రెక్కల్లో ఒకటి 1945 మార్చిలో విరిగి ఎగిరిపడింది. రెక్క పొడవు పెరిగే కొద్దీ బరువు అంతకు మించి పెరుగుతుంది. ప్రతి తిరుగుడులో అది పైకి, కిందికి వంగి లోహం అలసిపోతుంది. 1957లో యొహానెస్ యూల్ డెన్మార్క్‌లోని గెడ్సర్‌లో మూడు రెక్కల 200 కిలోవాట్ల మర నిలిపాడు. గాలి మితిమీరితే ఆపడానికి రెక్క కొసల్లోనే బ్రేకులు పెట్టాడు. పెద్ద మరమ్మతు లేకుండా అది పదేళ్లు తిరిగింది. ఆ రోజుల్లోనే జర్మనీలో ఉల్రిచ్ హ్యూటర్ గ్లాస్ ఫైబర్ రెక్కలు చేశాడు. యూల్ రూపం, హ్యూటర్ పదార్థం కలిసి ఈనాటి రెక్క అయింది.

1986లో తూత్తుకుడి, ఓఖా, రత్నగిరి తీరాల్లో వెలిసిన మన తొలి పవన విద్యుత్ క్షేత్రాల్లో ఉన్నవి 55 కిలోవాట్ల డెన్మార్క్ మరలు. ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం జిల్లా రామగిరి కొండలు తొలి కేంద్రాల్లో ఒకటి. అప్పటి రెక్కలు ఇరుసుకు కదలకుండా బిగించినవి. గాలి హద్దు దాటితే రెక్క ఆకారమే శక్తిని తగ్గించేది. తర్వాతి తరం రెక్క మొదలు దగ్గరే తిరుగుతుంది. తుపాను వస్తే అంచును గాలికి ఎదురుగా పెట్టి ఒత్తిడి తప్పించుకుంటుంది. మన తీరానికి ఇది ప్రాణావసరం. 1998 జూన్‌లో గుజరాత్ తీరాన్ని తాకిన తుపానులో గాలిమరలు దెబ్బతిన్నాయి.

రెక్కల తయారీ ఇప్పుడు ప్రకాశం పొరుగునే, నాటి నెల్లూరు జిల్లా నాయుడుపేట ప్రాంతంలో సాగుతోంది. అక్కడ ఫ్యాక్టరీ పెట్టింది గమేసా సంస్థ. ఈ పనిలో సగం చేతి నేర్పే. రెక్క పొడవున్న అచ్చులో పొడి గ్లాస్ ఫైబర్ బట్టను పొరలు పొరలుగా పరుస్తారు, మధ్యలో తేలికైన బాల్సా చెక్క పేరుస్తారు. పైన ప్లాస్టిక్ షీటు కప్పి లోపలి గాలి తోడేస్తే, గొట్టాల గుండా రెసిన్ లోపలికి ఇంకుతుంది. వేడితో గట్టిపడ్డాక రెండు చిప్పలను జిగురుతో అతికిస్తారు. బట్టలో చిన్న ముడత మిగిలినా ఏళ్ల తర్వాత పగులు అక్కడే మొదలవుతుంది. పిడుగు పడితే కరెంటు నేలకు దిగేలా కొస నుంచి మొదలు దాకా తీగ వేస్తారు.

55 కిలోవాట్ల మర వలయం 15 మీటర్లు. తక్కువ గాలికని సుజ్లాన్ తెచ్చిన ఎస్144 వలయం 144 మీటర్లు. వైశాల్యంలో 90 రెట్లకు పైనే. చెన్నైలోని జాతీయ పవన శక్తి సంస్థ అంచనాలోనూ ఈ మార్పు కనిపిస్తుంది: ఆంధ్రప్రదేశ్ పవన విద్యుత్ సామర్థ్యం 100 మీటర్ల ఎత్తున 44 వేల మెగావాట్లకు పైగా ఉంటే, 150 మీటర్ల ఎత్తున 123 వేలు. నిన్నటి దాకా గాలి లేదనుకున్న నేలలు కూడా లెక్కలోకి వస్తున్నాయంటే ఆ ఘనత ఈ రెక్కలది, ఈ ఎత్తులది.

గట్టిపడిన రెసిన్ మళ్లీ కరగదు. పాత రెక్కలను కోసి పాతిపెట్టడమో, సిమెంటు బట్టీల్లో కాల్చడమో చేస్తున్నారు. రెసిన్‌ను విడదీయగల రెక్కను సీమెన్స్ గమేసా 2021లో ప్రకటించింది. పాత మరల చోట కొత్తవి నిలిపేందుకు 2016లో కేంద్రం విధానం తెచ్చింది కనుక, రాయలసీమ గుట్టల మీది తొలితరం రెక్కలను దించాక ఏం చేయాలన్నది ఇక వాయిదా వేయలేని ప్రశ్న.