అరువు కరెంటు

సంక్రాంతి వెళ్లిన వారం. ఉదయం ఐదున్నరకి కూకట్‌పల్లిలో ఓ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నిలబడి ఉన్నారు మీరు. ఊరి నుంచి రాత్రే రైలు దిగారు. ఏడింటికల్లా అమ్మను పరగడుపున రక్తపరీక్షకు తీసుకెళ్లాలి. కారు మీది కవరు లాగి రిమోట్ నొక్కారు. ఇండికేటర్లు వెలగలేదు. తలుపులు తెరుచుకునే చప్పుడు లేదు. దగ్గరికెళ్లి మళ్లీ నొక్కారు. అదే తీరు.

రిమోట్ పక్కనున్న చిన్న మీట జరిపితే ఇనప తాళంచెవి బయటికొచ్చింది. దాంతో ఎప్పుడూ పని పడలేదేమో, డ్రైవర్ తలుపు తాళం బిగుసుకుపోయింది. గట్టిగా తిప్పితే గానీ రాలేదు. లోపల లైటు వెలగలేదు. తాళం తిప్పితే డ్యాష్‌బోర్డు మీద ఒక్క దీపమైనా లేదు. బ్యాటరీ నీరసంగా ఉంటే సెల్ఫ్ కొట్టినప్పుడు కనీసం టకటకమంటుంది. ఇక్కడ అదీ లేదంటే లోపల ఏమీ మిగల్లేదని అర్థం. తలెత్తి చూస్తే వెనక సీటు పైన లైటు స్విచ్ ఆన్‌లోనే ఉంది. ఊరెళ్లే హడావుడిలో పిల్లలు నొక్కి ఉంటారు, పగటి వెలుగులో ఎవరికీ కనబడలేదు. 5 వాట్ల బల్బు లాగేది 0.4 ఆంపియర్ల పైచిలుకే. చిన్న కార్లలో ఉండే 35 ఆంపియర్-అవర్ బ్యాటరీని ఊడ్చేయడానికి దానికి నాలుగు రోజులు చాలు.

"నూకుదామా సార్?" వాచ్‌మన్ అప్పటికే చేతులు దులుపుకుని కారు వెనక్కి వెళ్లాడు.

మన దగ్గర కారు మొరాయిస్తే అడక్కుండానే నలుగురు చేరి తోస్తారు. ఆ అలవాటంటే నాకు గౌరవం. అంబాసిడర్ రోజుల్లో అది ఫలించేది కూడా. ముందు బంపర్ దగ్గర రాడ్డు దూర్చి తిప్పినా ఇంజిన్ లేచేది. ఇప్పటి కార్లలో పెట్రోలు పంపు నడవాలన్నా, ఇంజెక్టర్లు తెరుచుకోవాలన్నా, వాటిని ఆడించే కంప్యూటర్ మేలుకోవాలన్నా కరెంటు కావాలి. ఆల్టర్నేటర్ సైతం మొదట బ్యాటరీ నుంచి కాస్త కరెంటు అందితేనే పని మొదలుపెడుతుంది. బ్యాటరీలో కొంచెం దమ్ముంటే సెకండ్ గేర్‌లో వేసి తోయొచ్చు. పూర్తిగా ఖాళీ అయ్యాక మియాపూర్ దాకా తోసినా లాభం లేదు.

వాకింగ్‌కి బయల్దేరిన రెండో అంతస్తు అంకుల్ ఆగారు. "బ్యాటరీ పడిపోయిందా బాబూ? నా బండి తెస్తానుండు. కేబుల్స్ ఉన్నాయా?"

ఉన్నాయి, కానీ డిక్కీలో. ఆ డిక్కీ తెరుచుకునేదేమో కరెంటు మీటతో. వెనక సీటు మడిచి, బోర్లా పడుకుని, చెయ్యి చాపి వెతికితే స్టెప్నీ పక్కన సంచీ దొరికింది.

రెండు కార్లూ ఎదురెదురుగా ఉన్నాయి, ఒకదానికొకటి తగలకుండా. బానెట్లు లేపారు. అంకుల్ ముందు ఫోన్ లైటు వేసి మీ బ్యాటరీ డబ్బా నాలుగు వైపులా చూశారు. ఉబ్బినా, పగిలినా, కుళ్లిన గుడ్డు వాసన వచ్చినా ఇక ముట్టుకోకూడదంటారు ఆయన. బాగానే ఉంది. మల్టీమీటర్ పెడితే 3.8 వోల్టులు. నిండుగా ఉన్నప్పుడు ఆరు సెల్స్‌లో ఒక్కోటి 2.1 చొప్పున 12.6 ఉండాలి. 12కి దిగితేనే ముప్పావు వంతు ఖాళీ అయినట్టు లెక్క. 1859లో గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన సీసం బ్యాటరీ సూత్రమే ఇప్పటికీ ఈ డబ్బాలో ఉంది. ఖాళీ అయ్యేకొద్దీ పలకల మీద లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది, అలాగే వదిలేస్తే గట్టిపడిపోతుంది.

ఎర్ర కేబుల్ ఒక క్లిప్పు మీ బ్యాటరీ ప్లస్‌కి, రెండోది అంకుల్ బ్యాటరీ ప్లస్‌కి పెట్టారు. నల్లదాని ఒక కొస ఆయన మైనస్‌కి. మిగిలిన క్లిప్పుతో మీ చెయ్యి మీ బ్యాటరీ మైనస్ వైపు వెళుతోంది.

"అక్కడ కాదు." ఆయన మీ మణికట్టు పట్టుకుని, ఇంజిన్ మీద రంగు లేని లావుపాటి బోల్టు చూపించారు. మైనస్ ఎలాగూ ఇంజిన్‌కీ బాడీకీ కలిసే ఉంటుంది. చివరి క్లిప్పు తగిలేటప్పుడు రవ్వ లేస్తుంది. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంటే ఆ ఒక్క రవ్వకే డబ్బా పేలి యాసిడ్ మొహం మీద పడొచ్చు. అందుకే రవ్వ దూరంగా లేవాలి. క్లిప్పు బోల్టుని పట్టుకుంది. 'చిట్'మని చిన్న నీలిరంగు మెరుపు.

అంకుల్ తన ఇంజిన్ స్టార్ట్ చేశారు. మీ డ్యాష్‌బోర్డు మీద ఎర్ర దీపాలు ఒక్కొక్కటీ వెలిగాయి. ఆత్రంగా సెల్ఫ్ కొట్టారు. టకటకటక. దీపాలు మళ్లీ మసకబారాయి.

"తోడేసిన బావిలో ఊరే దాకా చేద వెయ్యకూడదు బాబూ. పది నిమిషాలు ఆగు."

అందరూ పొరబడే చోటు ఇదే. నీరసపడ్డ బ్యాటరీకి కేబుల్ తగిలించగానే ఇంజిన్ లేస్తుంది కనుక, పూర్తిగా పోయినదీ అలాగే లేస్తుందనుకుంటారు. స్టార్టర్ మోటారు లాగేది వంద ఆంపియర్ల పైనే. అదంతా సన్న కేబుల్ గుండా ఒక్కసారిగా రాదు. కొంతైనా మీ బ్యాటరీలో చేరాలి. ఈలోగా అంకుల్ మీ ప్లస్ క్లిప్పు చూపించారు. దాని రెండు దవడల్లో ఒకదానికే తీగ కలిపి ఉంది, ఆ దవడేమో టెర్మినల్ మీది తెల్లటి పొడి మీద కూర్చుంది. ఆయన తన ఇంజిన్ ఆపి, క్లిప్పులన్నీ తీయించారు. పాత టూత్‌బ్రష్‌తో పొడి రుద్దేశాక సీసం మెరిసింది. ఈసారి తీగున్న దవడను మెరిసే చోట ఆనించి, అన్నీ అదే వరసలో మళ్లీ పెట్టారు.

ఆయన యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కి పట్టారు. వాచ్‌మన్ టీ తెచ్చాడు. తాగుతూ కేబుల్ పట్టుకు చూస్తే గోరువెచ్చగా ఉంది. కాలిపోతుంటే మాత్రం ఆపాలి.

"ఇప్పుడు కొట్టు."

క్లచ్ తొక్కి తాళం తిప్పారు. ఇంజిన్ బరువుగా ఒకసారి తిరిగింది, రెండోసారి తిరిగింది, అందుకుంది. సెల్లార్ మొత్తం మోగింది. వాచ్‌మన్ చప్పట్లు కొట్టాడు.

బ్లోయర్ ఆన్ చేసి, కేబుల్స్ పెట్టిన వరసకి తిరగేసి తీశారు. బోల్టు మీది నలుపు ముందు, మీ ప్లస్ మీది ఎరుపు చివర. మల్టీమీటర్‌లో 14.1. ఆల్టర్నేటర్ పనిచేస్తోంది.

"ల్యాబ్ దగ్గర బండి ఆపితే మళ్లీ లేవదు. పద, నేనూ వస్తా. మీరు లోపలికెళ్లినంతసేపు నేను కార్లో కూర్చుంటా." వాకింగ్ బూట్లతోనే ముందు సీట్లో ఎక్కారు ఆయన. అమ్మ వెనక కూర్చుంది.

ఇంత ఖాళీ అయిన బ్యాటరీ రోడ్డు మీద గంట తిరిగితే నిండదు, ఆల్టర్నేటర్ మీదా భారం పడుతుంది. సాయంత్రం పది నంబరు పానాతో టెర్మినల్స్ విప్పి, ముందు మైనస్, తర్వాత ప్లస్, దుకాణంలో ఇచ్చారు. రాత్రంతా నాలుగు ఆంపియర్ల మీద నెమ్మదిగా ఛార్జి చేశాడు షాపతను. మర్నాడు లోడ్ మీటర్ తగిలించి పదిహేను సెకన్లు నొక్కి పట్టాడు. అంత లోడ్‌లోనూ 9.6 కిందికి దిగకూడదు. ముల్లు 10.2 దగ్గర నిలబడింది.

"కొత్తది అక్కర్లే సార్. చలికి కాదు, మన బ్యాటరీలు ఎండకే పోతయి. మే నెల రాకముందు ఒకసారి పట్టుకొచ్చి చూపియ్యుండ్రి."