లేత్ కింది బల్ల: సూక్ష్మ యంత్ర చరిత్రలో విస్మృత భాగం

తెలుగులో 'తరిణె పట్టడం' అనే మాట ఉంది. తిరిగే వస్తువుకు ఉలి ఆనించి రూపం తీర్చడం దాని అర్థం. ఆ వస్తువును తిప్పే శక్తి ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్న ఆ మాటలో ధ్వనించదు. సూక్ష్మ లేత్‌ల చరిత్రను చెప్పేటప్పుడు కూడా దృష్టి స్పిండిల్, కోలెట్‌ల మీదే నిలుస్తుంది. చోదక వ్యవస్థ, బల్ల అనుబంధాలుగా మిగిలిపోతాయి. యంత్రపు కచ్చితత్వాన్ని నిర్ణయించడంలో ఈ రెండింటి పాత్రను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఐరోపా గడియారాల పనివారు తొలుత విల్లుతో తిప్పే సాధనాన్ని వాడారు. దానిని బల్లమీది వైస్‌లో బిగిస్తే సరిపోయేది. ఒక చేత విల్లు, మరొక చేత ఉలి. విల్లు ఒక దిశలో సాగినప్పుడే ఉలి కోస్తుంది. వస్తువు కదలని రెండు మొనల మధ్య తిరిగేది గనుక పని నెమ్మదిగా సాగినా గురి తప్పేది కాదు. కాలితో తొక్కే చక్రం వచ్చాక భ్రమణం అవిచ్ఛిన్నమైంది, రెండు చేతులకూ వెసులుబాటు కలిగింది. చక్రం బల్ల కిందికి చేరడంతో బెల్టు పైకి రావడానికి బల్లకు రంధ్రాలు చేయవలసివచ్చింది. ఆ విధంగా బల్ల యంత్రంలో భాగమైంది.

అమెరికాలోని వాల్థం గడియార పరిశ్రమ నేపథ్యంలో 1880ల చివర వెబ్‌స్టర్-విట్‌కోంబ్ లేత్ రూపొందింది. దాని బెడ్ ఒంటి పాదంపై నిలుస్తుంది. చెక్క బల్ల తేమకు ఉబ్బి, ఎండకు కుంచించుకుంటుంది. రెండుచోట్ల బిగించిన బెడ్ ఆ మార్పుకు మెలిపడవచ్చు. ఒంటి పాదానికి ఆ బాధ లేదు.

కర్మాగారాల్లోని బల్ల లేత్‌లకు శక్తి పైకప్పు కింద తిరిగే పొడవాటి ఇరుసు నుంచి అందేది. మధ్యలో మరొక చిన్న ఇరుసు, దానిపై బిగుతు కప్పీ, వదులు కప్పీ ఉండేవి. బెల్టును వదులు కప్పీ మీదికి జరిపితే లేత్ ఆగేది. మెట్ల కప్పీలు వేగాన్ని మార్చేవి. 20వ శతాబ్దంలో ప్రతి లేత్‌కూ సొంత మోటారు సమకూరింది. దానితోపాటు మోటారు కంపనం పనిముక్కను చేరే సమస్య కూడా వచ్చింది. అందుకే స్విట్జర్లాండ్‌కు చెందిన షౌబ్లిన్ 102 వంటి లేత్‌లలో మోటారును కింది పీఠంలో అమర్చి, బెల్టు ద్వారా శక్తిని పైకి పంపారు.

చేతి నుంచి కాలికి, కాలి నుంచి పైకప్పుకు, అక్కడి నుంచి పీఠంలోకి చోదకం స్థానం మారిన ప్రతిసారీ పనివాడి భంగిమ, బల్ల నిర్మాణం మారాయి. లేత్‌ను మాత్రమే దాచి, ఇరుసులను పాత ఇనుముకు, బల్లను వంటచెరకుకు వదిలేస్తే ఈ మార్పుల సాక్ష్యం నశిస్తుంది. బల్లకున్న రంధ్రాలు కూడా చారిత్రక ఆధారాలే. లేత్‌ను విప్పి తరలించే ముందే వాటి కొలతలు నమోదు కావాలి.