శుక్రవారం ఆస్తి

‘ముస్లింలా? మరి మీకు ఇంత మంచి తెలుగు ఎలా వచ్చింది?’ అని అటువాళ్ళు అడుగుతారు. ‘ఇంట్లో ఉర్దూ మాట్లాడరా? మీరేం ముసల్మానులు?’ అని ఇటువాళ్ళు అడుగుతారు. ఇద్దరి మనసులోనూ ఉన్నది ఒకే బొమ్మ. టోపీ, గడ్డం, బురఖా, ఉర్దూ. ఈ బొమ్మలో ఇమడని ముస్లింల గురించి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా మాకు కల్పేని గుర్తొస్తుంది.

కొచ్చికి పడమరగా, అరేబియా సముద్రంలో దాదాపు 290 కిలోమీటర్ల దూరాన ఉన్న లక్షద్వీప్ దీవి అది. విస్తీర్ణం 2.79 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల్లో నాలుగున్నర వేలకు లోపు జనం. దాదాపు అందరూ ముస్లింలే. వాళ్ళ భాష ఉర్దూ కాదు, మలయాళానికి దగ్గరి జెసరి.

ఆ దీవిలో కొండ లేదు, ఏరు లేదు. పగడపు జీవులు వేల ఏళ్ళుగా కట్టిన సున్నపు గోడ ఒకటి సముద్రంలోంచి పైకి లేచింది. అది విరిగి, నలిగి ఇసుకైంది. ఆ ఇసుకే నేల. వాననీరు అందులో ఇంకి, కిందున్న ఉప్పునీటి మీద పలచని పొరలా తేలుతూ నిలుస్తుంది. బావుల్లో నీళ్ళు సముద్రపు ఆటుపోట్లతో పాటే లేస్తాయి, దిగుతాయి. ఆశపడి ఎక్కువ తోడితే ఉప్పు పైకొస్తుంది.

వరి పండదు. ఉన్నది కొబ్బరి. ఆడవాళ్ళు పీచు నానబెట్టి తాడు పేనితే, మగవాళ్ళు ఓడల్లో మలబారు తీరానికి చేర్చి బియ్యం తెచ్చేవారు. ఆ తాడు మీద కూడా కణ్ణనూరు అరక్కల్ పాలకులదే గుత్తాధిపత్యం. ధర వాళ్ళదే, బియ్యం కొలతా వాళ్ళదే.

ఇక అసలు సంగతి. ఈ ముస్లింలది తల్లి వంశం. ఇంటిపేరు తల్లిది, ఇల్లు తల్లిది. పెళ్ళయ్యాక కూడా భర్త తన తల్లి ఇంట్లోనే ఉండేవాడు. రాత్రికి భార్య ఇంటికి వెళ్ళేవాడు, తెల్లారి తిరిగొచ్చేవాడు. ఆస్తి రెండు రకాలు. తరవాడు మొత్తానికీ ఉమ్మడిగా ఉండి, ఆడపిల్లల ద్వారా దిగివచ్చేది ‘వెళ్ళియాళ్చ సొత్తు’, అంటే శుక్రవారం ఆస్తి. సొంతంగా సంపాదించుకున్నది ‘తింగళాళ్చ సొత్తు’, సోమవారం ఆస్తి. రెండోదానికి షరియత్ ప్రకారం వారసత్వం. మొదటిదానికి ఆచారమే చట్టం. జుమ్మా నాటి పేరు పెట్టుకున్నది షరియత్ పంపకానికి లొంగని ఆస్తికి! ఇది చూసి వాళ్ళను తక్కువ ముస్లింలు అనగలమా? అయిదు పూటల నమాజు అక్కడా ఉంది, రోజా అక్కడా ఉంది. మానవశాస్త్రవేత్త లీలా దూబే కల్పేని మీద 1969లో పుస్తకమే రాశారు.

అలాగని అదేమీ స్వర్గం కాదు. భూములున్న కోయలు, ఓడలు నడిపే మాల్మీలు, చెట్లెక్కే మేలాచేరీలు. ఈ మెట్లు అక్కడా ఉన్నాయి. ‘ఇస్లాంలో కులం లేదు’ అనే మాట కితాబులో నిజం, కొబ్బరిచెట్టు కింద కాదు. మన ఊళ్ళలో దూదేకుల వాళ్ళను అడిగినా ఇదే చెబుతారు. ఒక తేడా ఉంది. తల్లిదండ్రులిద్దరూ దీవుల్లోనే పుట్టిన స్థానికులను ప్రభుత్వం షెడ్యూల్డు తెగలుగా గుర్తించింది. తెగకు మతం అడ్డు రాలేదు. కానీ 1950 నాటి ఉత్తర్వు ప్రకారం ముస్లిం దళితుడికి షెడ్యూల్డు కులాల జాబితాలో ఈ రోజుకీ చోటు లేదు.

1847లో పెద్ద తుపాను వచ్చింది. సముద్రం కల్పేని మీదుగా పొంగి వందలమందిని తీసుకుపోయింది. అప్పుడు అలలు ఎగదోసిన పగడపు రాళ్ళ గుట్టలు తూర్పు, ఆగ్నేయ తీరాల వెంట నేటికీ ఉన్నాయి. బాధితుల సాయానికని ఈస్టిండియా కంపెనీ అరక్కల్ పాలకులకు అప్పిచ్చింది. వడ్డీ పెరిగింది. 1854లో దీవుల పాలన కంపెనీ చేతికి పోయింది. సాయంగా వచ్చినవాడు యజమాని కావడానికి ఏడేళ్ళు చాలింది.

అందుకే 2021లో ‘అభివృద్ధి’ పేరుతో ముసాయిదా నిబంధనలు వచ్చినప్పుడు దీవుల జనం ఉలిక్కిపడ్డారు. ఏ నేలనైనా తీసుకునే అధికారం ఒకదాంట్లో, గోవధ నిషేధం ఒకదాంట్లో, ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీకి పోటీ చేయకూడదని ఇంకోదాంట్లో. జూన్ 7న దీవుల జనం ఇళ్ళ ముందు పన్నెండు గంటలు నిరాహారదీక్ష చేశారు. ఎవరి పేరనా లేని ఉమ్మడి నేల పోతే అక్కడ పోయేది ఎకరాలు మాత్రమే కాదు. తల్లి ఇల్లు పోతుంది, ఆ ఇంటి మీద ఆడపిల్లకున్న హక్కు పోతుంది.

మేం ఆ దీవిలో కాలు పెట్టలేదు. పుస్తకాల్లో, పటాల్లో చూసినవాళ్ళమే. అయినా ఆ జనం మాకు పరాయివాళ్ళు కారు. మమ్మల్ని ‘ఎక్కడి నుంచి వచ్చారు’ అని అడిగేవాళ్ళకూ, ‘సరైన ముస్లింలు కండి’ అని చెప్పేవాళ్ళకూ మా జవాబు ఒక్కటే. మేం ఈ నేల మీద ఇక్కడి మాటతో, ఇక్కడి ఆచారంతో ముస్లింలమయ్యాం. కల్పేని వాళ్ళు వాళ్ళ ఇసుక మీద అయ్యారు.