వినిమయ యుగ్మిత పలుచటి పొరల్లో అయస్కాంతీకరణ చలనం: డ్యాంపింగ్ కొలతపై ఒక పరిశీలన

స్పిన్‌ట్రానిక్స్ పరికరాలు ఎంత వేగంగా పనిచేస్తాయో, ఎంత విద్యుత్తు ఖర్చు చేస్తాయో చాలావరకు నానోమీటర్ల మందమున్న పొరల సరిహద్దులోనే తేలుతుంది. హార్డ్ డిస్క్ రీడ్ హెడ్‌లోనైనా, ఎంరామ్ (అయస్కాంత మెమరీ) కొన్ని రకాల్లోనైనా రిఫరెన్స్ పొర దిశ మారకుండా పట్టి ఉంచేది పక్కనున్న యాంటీఫెర్రోమాగ్నెట్. ఈ ఎక్స్ఛేంజ్ బయాస్‌ను 1956లో మైకిల్‌జాన్, బీన్ ఆక్సైడ్ పూత ఉన్న కోబాల్ట్ రేణువుల్లో గుర్తించారు. హిస్టెరిసిస్ వలయం సున్నా నుంచి పక్కకు జరగడమే దాని ఆనవాలు. అయితే ఆ వలయం నిలకడ స్థితిని మాత్రమే చూపుతుంది. చలనం తెలియాలంటే ఫెర్రోమాగ్నెటిక్ రెజొనెన్స్ (అనునాదం) కొలత కావాలి.

ఒక లెక్క చూద్దాం. పెర్మలాయ్ (నికెల్-ఇనుము మిశ్రమం) పొరలో ప్రభావిత అయస్కాంతీకరణ 1 టెస్లా, పొర తలంలోనే ప్రయోగించిన క్షేత్రం 100 మిల్లీటెస్లా అనుకుంటే, కిట్టెల్ సూత్రం ప్రకారం అనునాదం సుమారు 9.3 గిగాహెర్ట్జ్ వద్ద వస్తుంది. బయాస్ 10 మిల్లీటెస్లా ఉంటే క్షేత్రం దాని దిశలో ఉన్నప్పుడు 9.8, ఎదురు దిశలో 8.8 గిగాహెర్ట్జ్. అంత చిన్న బయాస్‌కే ఒక గిగాహెర్ట్జ్ తేడా! ఎమ్మెస్సీ ఫిజిక్స్ విద్యార్థి కూడా దీన్ని కాగితం మీదే సరిచూసుకోవచ్చు.

డ్యాంపింగ్‌ను, అంటే అయస్కాంతీకరణ చలనం ఎంత త్వరగా అణగిపోతుందో, అనునాద రేఖ వెడల్పు నుంచి లెక్కిస్తారు. అసలు చిక్కు అక్కడే వస్తుంది. గిల్బర్ట్ డ్యాంపింగ్ 0.007 అయితే 10 గిగాహెర్ట్జ్ వద్ద పూర్తి వెడల్పు 5 మిల్లీటెస్లా. పొరలోని అసమానతలు మరో 2 మిల్లీటెస్లా కలిపాయనుకోండి. ఆ ఒక్క పౌనఃపున్యంతోనే లెక్కిస్తే డ్యాంపింగ్ దాదాపు 0.0098గా తేలుతుంది, అంటే 40 శాతం ఎక్కువ. పలు పౌనఃపున్యాల వద్ద వెడల్పు కొలిచి గీత గీస్తే వాలు డ్యాంపింగ్‌ను, నిలువు అక్షంపై గీత తాకే చోటు అసమానతను విడివిడిగా చెబుతాయి.

ఎక్స్ఛేంజ్ బయాస్ పొరల్లో ఇది కూడా చాలదు. గరుకు సరిహద్దు వద్ద టూ మాగ్నాన్ స్కాటరింగ్ (ఏకరీతి చలనపు శక్తి ఇతర స్పిన్ తరంగాల్లోకి చెదరడం) జరిగి గీత వంగిపోతుంది. ఆ నష్టం ఫెర్రోమాగ్నెట్ పొర మందం వర్గానికి విలోమంగా పెరుగుతుంది. స్పిన్ పంపింగ్ (స్పిన్ ప్రవాహం పక్క పొరలోకి పోవడం) నష్టం మాత్రం మందానికే విలోమం. అందుకే పొర తలంలోని క్షేత్రంతో, ఒకే మందం గల నమూనాతో ఈ రెండింటినీ వేరుచేయలేం. క్షేత్రాన్ని పొరకు లంబంగా ప్రయోగిస్తే టూ మాగ్నాన్ స్కాటరింగ్ ఆగిపోతుంది. అప్పుడు మిగిలే వాలే నమ్మదగినది. పెర్మలాయ్‌కు 10 గిగాహెర్ట్జ్ వద్ద దాదాపు 1.36 టెస్లా క్షేత్రం కావాలి కాబట్టి చాలామంది ఈ కొలతను వదిలేస్తారు. అది సరైన పద్ధతి కాదు.

కందిలోని ఐఐటీ హైదరాబాద్, గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయం వంటి చోట్ల ఈ రంగంలోకి వస్తున్న యువ పరిశోధకులకు నా విన్నపం ఒకటే. డ్యాంపింగ్ విలువ ప్రచురించేటప్పుడు దానితోపాటు కనీసం మూడు మందాల కొలతలనూ, లంబ దిశ కొలతనూ తప్పక ఇవ్వండి.