వెలుగు కత్తికి దారి వేసినవాళ్లు

1959లో వరంగల్‌కు రెండు కాలేజీలు వచ్చాయి. ఒకటి కాకతీయ వైద్య కళాశాల. రెండోది రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ. అక్టోబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ కాలేజీయే నేటి నిట్. మరుసటి ఏడాదే అమెరికాలో థియొడార్ మైమన్ తొలి లేజర్‌ను వెలిగించాడు. డాక్టర్లకూ ఇంజినీర్లకూ కలిపి పని పెట్టిన ఆవిష్కరణ అది.

శస్త్రచికిత్సకు బాగా అక్కరకొచ్చిన కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను 1964లో బెల్ ల్యాబ్స్‌లో తయారుచేసినవాడు మన దేశస్థుడే. బారామతిలో పుట్టి, పుణెలో ఇంజినీరింగ్ చదివిన సి. కుమార్ పటేల్. ఆ పరారుణ కిరణం తరంగదైర్ఘ్యం 10.6 మైక్రాన్లు. మన కణజాలంలో ఎక్కువ భాగం నీరే. ఆ నీరు ఈ కిరణాన్ని పైపైనే, మిల్లీమీటరులో వందో వంతు లెక్కన ఉండే లోతులోనే పీల్చేసుకుంటుంది. తాకిన పొర ఆవిరైపోతుంది, కింది పొరకు పెద్దగా వేడి సోకదు, సన్నని రక్తనాళాలు అక్కడికక్కడే మూసుకుపోతాయి.

1972లో బోస్టన్ వైద్యులు స్ట్రాంగ్, జాకో దీన్ని స్వరపేటికపై వాడిన తమ అనుభవాన్ని ప్రచురించారు. కిరణం కంటికి కనబడదు. అందుకే దాని వెంట ఎర్రటి హీలియం-నియాన్ చుక్కను పంపి గురి చూస్తారు. పక్కనున్న భాగాలపై సెలైన్‌లో తడిపిన గాజ్ గుడ్డ పరుస్తారు. గురి తప్పిన కిరణాన్ని ఆ తడే ఆపేస్తుంది. శ్వాసనాళంలోని మత్తు గొట్టానికి నిప్పంటుకోకుండా చూసుకోవడం మరో పెద్ద జాగ్రత్త.

చిక్కంతా దారి దగ్గరే వచ్చింది. ఫోన్ మాటల్ని మోసే గాజు ఫైబర్ ఈ కిరణాన్ని మింగేస్తుంది. కీళ్ల దగ్గర అద్దాలు బిగించిన బరువైన చేయి గుండా దాన్ని తేవాల్సి వచ్చింది. ఆ చేయి ఒంటి మలుపుల్లోకి దూరదు. 2.1 మైక్రాన్ల హోల్మియం లేజర్‌కు ఈ బాధ లేదు. వాయువుతో కాక స్ఫటికంతో పనిచేసే ఆ లేజర్ గాజు ఫైబర్లోంచే వెళ్లి కిడ్నీ రాళ్లను పొడి చేస్తుంది.

చివరికి బోలు గొట్టమే దారి చూపింది. రట్గర్స్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ హారింగ్టన్ బృందం లోపల వెండి, సిల్వర్ అయొడైడ్ పూత పూసిన గొట్టాలు చేసింది. 2002లో ఎంఐటీలో యోయెల్ ఫింక్ బృందం గాజు, ప్లాస్టిక్ పలుచని పొరలు చుట్టిన బోలు ఫైబర్‌ను ప్రపంచానికి చూపింది. ఆ పొరలే లోపల అద్దంలా పనిచేస్తాయి. మీటరు దూరం సాగినా కిరణంలో మూడొంతులకు పైగానే మిగిలింది.

నిట్, వైద్య కళాశాల, ఎంజీఎం ఆస్పత్రి మూడూ వరంగల్‌లోనే ఉన్నాయి. ఇక్కడి ఫిజిక్స్ పరిశోధకులు ఆపరేషన్ థియేటర్ల గడప తొక్కాలి. చేతిలోని పనిముట్టు ఎక్కడ మొరాయిస్తోందో సర్జన్లు వాళ్లకు చూపించాలి.