ద్రాక్ష పోయాక వచ్చిన సూర్యతీరం

స్పెయిన్ దక్షిణపు అంచున, మధ్యధరా సముద్రం ఒడ్డున, తూర్పున నెర్హా నుంచి పడమట ఎస్తెపోనా దాటి సాగే తీరాన్ని కోస్టా డెల్ సోల్ అంటారు. మాలగా నగరం దానికి గుండెకాయ. ఈ తీరం గురించి లోకమంతా నమ్మే కథ ఒకటుంది. ఒకప్పుడు ఇవన్నీ నిరుపేద బెస్తపల్లెలట. 1950లలో చలిదేశాల వాళ్ళు ఎండను వెతుక్కుంటూ వచ్చారట. ఇసుక మీద హోటళ్ళు లేచాయట, పల్లెల దశ తిరిగిందట. ఈ కథ పూర్తిగా అబద్ధం కాదు, కానీ అది చెప్పినదానికంటే కప్పిపుచ్చినదే ఎక్కువ. ఎండ ఈ తీరాన ఎప్పుడూ ఉంది. ఎండే కారణమైతే విహారం కోసం జనం మూడువేల ఏళ్ళ క్రితమే రావలసింది. ఇక్కడి పాత వృత్తులు ఒకదాని వెంట ఒకటి కూలిపోవడం, ఆ శిథిలాల మీద కొందరు మనుషులు తెలిసి తీసుకున్న నిర్ణయాలు, ఈ రెండూ కలిసి తీరాన్ని విహారభూమిగా మార్చాయి. ఇది గుర్తించకపోతే ఆ తీరపు గతమే కాదు, దాని నేటి కష్టం కూడా మనకు అర్థం కాదు.

చరిత్రలో చాలాకాలం ఈ సముద్రపు ఒడ్డు పనిచేసే చోటు, లేదా భయపడే చోటు. మాలగాను స్థాపించిన ఫినీషియన్లు వర్తకులు. వాళ్ళ తరువాత రోమన్లు ఈ తీరం పొడవునా రాతితొట్లలో చేపలను ఉప్పువేసి ఊరబెట్టి, ఆ చేపల రసాన్ని సామ్రాజ్యమంతటికీ ఎగుమతి చేశారు. ముస్లిం పాలకుల కాలంలో కొండమీద పదకొండో శతాబ్దపు అల్కసాబా కోట లేచింది. పద్నాలుగో శతాబ్దంలో వచ్చిన యాత్రికుడు ఇబ్న్ బతూతా మాలగా అంజూరాలను, బంగారు మెరుగు పూసిన మట్టిపాత్రలను మెచ్చుకున్నాడు. 1487 ఆగస్టులో క్రైస్తవ రాజదంపతులు ఫెర్డినాండ్, ఇసబెల్లా దీర్ఘ ముట్టడి తరువాత నగరాన్ని పట్టుకుని, బతికున్నవాళ్ళలో అత్యధికులను బానిసలుగా మార్చారు. ఆ తరువాత శతాబ్దాల పాటు ఉత్తర ఆఫ్రికా నుంచి సముద్రపు దొంగలు వచ్చి మనుషులను ఎత్తుకుపోయేవారు. నేడు హోటళ్ళ మధ్య ఒంటరిగా నిలబడ్డ కావలి బురుజులు ఆ భయానికి సాక్ష్యం. మిహాస్ లాంటి ఊళ్ళు తీరం వదిలి కొండ ఎక్కి కూర్చున్నాయి. వాటి తెల్లని ఇళ్ళు నేడు ఎంతో అందంగా కనిపిస్తాయి, కానీ ఆ ఎత్తును ఎంచుకున్నది దృశ్యం కోసం కాదు. మిహాస్ కింద సముద్రం పక్కనున్న ఫుయెన్‌హిరోలా 1841లో గాని విడి ఊరుగా ఏర్పడలేదు.

బెస్తపల్లెల కథ పూర్తిగా మరిచిపోయిన ఘట్టం పందొమ్మిదో శతాబ్దం. అప్పట్లో మాలగా స్పెయిన్‌లోని పెద్ద పారిశ్రామిక నగరాల్లో ఒకటి. మాన్యుయెల్ అగుస్తిన్ హెరేదియా అనే వర్తకుడు మార్బేయా వెనుక కొండల్లోని ఇనుప ఖనిజాన్ని కరిగించడానికి ఊదుకొలుములు కట్టించాడు. ఉత్తరాన సింహాసనం కోసం సాగిన కార్లిస్టు యుద్ధం వల్ల కొలుములు మూతపడిన కాలంలో దేశపు పోత ఇనుములో సగానికి పైగా ఈ తీరం నుంచే వచ్చేది. లారియోస్ కుటుంబం భారీ నేతమిల్లు నడిపింది. కొండవాలుల మీద రైతులు ద్రాక్షను ఎండబెట్టి, కిస్మిస్‌నూ తీపి ద్రాక్షసారానూ ఇంగ్లండుకు, అమెరికాకు ఓడల మీద పంపారు. నేడు విహారులు పడుకునే ఎండలోనే ఆనాడు ద్రాక్ష ఎండింది. అదే ఎండ, అప్పటి వినియోగం వేరు.

ఇనుము, ద్రాక్ష, ఈ రెండు సంపదలూ ఒక్క తరంలోనే చేజారాయి. మాలగా కొలుములు కట్టెబొగ్గుతో, బయటినుంచి తెచ్చుకునే ఖరీదైన ఇంధనంతో నడిచేవి. రాతిబొగ్గు గనులు చేరువలో ఉన్న ఉత్తరాది కర్మాగారాలు మళ్ళీ నిలదొక్కుకోగానే ఇక్కడి ఇనుము ధరకు నిలవలేకపోయింది. 1878లో ద్రాక్షతీగ వేళ్ళను పీల్చి చంపే ఫిలాక్సెరా పురుగు మాలగా తూర్పు కొండల్లో కనిపించింది. కొద్ది ఏళ్ళలోనే తోటలు నాశనమయ్యాయి. అమెరికా వేరుమొక్కలకు అంటుకట్టి తిరిగి నాటే మార్గం ఉంది, కానీ నిటారు కొండవాలుల్లో ఆ ఖర్చు చిన్నరైతుకు అందలేదు. అదే సమయంలో కాలిఫోర్నియా కిస్మిస్ మార్కెట్‌ను ఆక్రమించింది. జనం వలసపోయారు. 1907లో హెలియోపొలిస్ అనే ఓడ రెండువేల మందికి పైగా మనుషులతో మాలగా రేవు నుంచి హవాయి చెరకుతోటలకు బయలుదేరింది. విహారుల రాకకు ముందు ఈ తీరం రుచిచూసిన పేదరికం అనాది పేదరికం కాదు, కూలిన పరిశ్రమ మిగిల్చిన పేదరికం. ఆ కూలిన నగరంలోనే 1897లో ప్రముఖులు మాలగా వాతావరణ ప్రచారానికీ నగర సుందరీకరణకూ ఒక సంఘం పెట్టారు. వాళ్ళు అమ్మదలచిన సరుకు శీతకాలపు వెచ్చదనం. ఆరోగ్యం కోసం వచ్చే సంపన్నులు వాళ్ళు ఆశించిన అతిథులు. 1926లో పదమూడవ అల్ఫాన్సో రాజు ప్రారంభించిన సముద్రతీర హోటలు ఆ ఆలోచనకు దక్కిన ఫలం.

అంతర్యుద్ధం ఆ ప్రయత్నాన్ని తుంచేసింది. 1937 ఫిబ్రవరిలో మాలగా తిరుగుబాటు సేనాని ఫ్రాంకో సేనల వశమైనప్పుడు వేలాది కుటుంబాలు తీరం వెంబడి అల్మేరియా వైపు నడిచాయి. ఆ జనం మీద ఓడలూ విమానాలూ గుళ్ళు కురిపించాయి. విహారుల కార్లు ఈనాడు సాగే తీరమార్గం అదే. యుద్ధం తరువాత ఏకాకిగా మిగిలిన ఫ్రాంకో నియంతృత్వానికి విదేశీ మారకం అత్యవసరమైంది. 1951లో సమాచార పర్యాటక మంత్రిత్వశాఖ ఏర్పడింది. 1959 ఆర్థిక స్థిరీకరణ ప్రణాళికలో స్పెయిన్ నాణెమైన పెసెటా విలువను తగ్గించి, డాలరుకు 42గా ఉన్న మారకాన్ని 60 పెసెటాలు చేశారు. ఉత్తర ఐరోపా కార్మికుడికి స్పెయిన్ ఒక్కసారిగా చౌక అయింది. అదే ఏడాది టొర్రెమొలీనోస్‌లో పేరుమోసిన పేజ్ ఎస్పాదా హోటలు తెరుచుకుంది. ఏడాదికి దేశానికి వచ్చే విదేశీయులు 1960లో సుమారు 60 లక్షలైతే, 1973 నాటికి 3 కోట్ల 40 లక్షలు. అంతకు అరవై ఏళ్ళ ముందు చలికాలానికి అమ్మజూపిన అదే ఎండను ఈసారి వేసవి సెలవులకు, తక్కువ ధరకు, పెద్దమొత్తంలో అమ్మారు. ఎండలో తేడా లేదు. పెసెటా విలువ, విమానం, ప్రభుత్వపు అవసరం మారాయి.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం వస్తుంది: ఎన్ని నిర్ణయాలు తీసుకున్నా ఎండ లేనిచోట ఈ తీరం పుట్టేది కాదు కదా? నిజమే. ఉత్తరపు చలిగాలిని అడ్డుకునే కొండలు, పొడవైన ఇసుకతీరాలు లేకపోతే ఏ మంత్రిత్వశాఖా ఏమీ చేయలేకపోయేది. కానీ అవసరమైన షరతు వేరు, చాలిన కారణం వేరు. దీనికి సాక్ష్యం పక్కనే ఉంది. తూర్పున అల్మేరియాలో ఎండ ఏమాత్రం తక్కువ కాదు, వాన ఇంకా తక్కువ. అయినా అక్కడ ఎండ హోటళ్ళకంటే ఎక్కువగా కూరగాయలు పండించింది. వేల హెక్టార్లు ప్లాస్టిక్ కప్పుల కింద టమాటాలు, మిరపలు, దోసలతో ఐరోపా సంతలకు సరుకు పంపుతున్నాయి. మాలగా దగ్గర 1919 నుంచే తపాలా విమానాలు దిగే మైదానం ఉండేది. అల్మేరియాకు విమానాశ్రయం 1968లో గాని రాలేదు. ఒకే ఎండ ఒకచోట ద్రాక్ష, ఒకచోట కూరగాయలు, ఒకచోట విహారం అయిందంటే, నిర్ణయించింది ఎండ కాదు.

రెండో అభ్యంతరం ఇంకా న్యాయమైనది. హవాయికి ఓడెక్కిన వాళ్ళ మనవలకు సొంత ఊళ్ళోనే జీతం దొరికింది. బడులు, ఆసుపత్రులు, రోడ్లు వచ్చాయి. దాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికుంది? ఆ మేలును కాదనడం ఆకలిని ఎరగనివాళ్ళు చేసే పని. నా అభ్యంతరం విహారం మీద కాదు, ఒక్క పంట మీదే బతకడం మీద. ద్రాక్ష కూడా మొదట సంపదే తెచ్చింది. దానిమీదే బతుకంతా పెట్టినందువల్ల ఒక పురుగు ఊళ్ళకు ఊళ్ళనే ఖాళీ చేసింది. 2019లో స్పెయిన్‌కు 8 కోట్ల 30 లక్షలకు పైగా విదేశీ విహారులు వస్తే, 2020లో కోవిడ్ ఆ సంఖ్యను రెండు కోట్ల లోపుకు దించింది. 2024 ఆరంభంలో మాలగా తూర్పు కొండల్లోని లా విన్యుయేలా జలాశయంలో పదోవంతు నీళ్ళు కూడా లేవు. ఒకనాటి ద్రాక్షవాలుల్లో ఇప్పుడు మామిడి, అవొకాడో తోటలున్నాయి. అదే నీటికి తోటలూ విడిదిళ్ళూ పోటీపడుతున్నాయి. 2024 జూన్‌లో మాలగావాసులు వేలమంది అద్దెలు భరించలేకపోతున్నామని వీధుల్లోకి వచ్చారు. ఎండుద్రాక్ష కూలినప్పుడు రైతు కొండ వదిలాడు, నేడు కూలీ, నర్సు, ఉపాధ్యాయుడు నగరం వదులుతున్నారు.

చారిత్రక పట్టణాలను విహారమే కాపాడిందని మూడో వాదన. దానిలో కొంత నిజముంది. 1951లో అల్కసాబా పాదాల వద్ద రోమన్ నాటకశాల బయటపడింది. దాని మీద కట్టిన సాంస్కృతిక భవనాన్ని నాలుగు దశాబ్దాల తరువాత పడగొట్టి ఆ శాలను వెలుగులోకి తెచ్చారు. అయితే కాపాడినదేమిటో గమనించాలి. కోటలు, చర్చిలు, తెల్లగోడలు నిలిచాయి. శ్రమ చేసిన తీరం మాత్రం వెనక్కి పోయింది. హెరేదియా కొలుముల శిథిలాలు మార్బేయా పక్కనే ఉన్నా, వాటిని చూసేవాళ్ళు అరుదు. మాలగా మిసెరికోర్దియా బీచి దగ్గర వంద మీటర్లకు పైగా ఎత్తున్న సీసపు కర్మాగారపు పొగగొట్టం, ఒకప్పుడు ఇది పనివాళ్ళ నగరమని నేటికీ చెబుతోంది.

ఈ తీరానికి వెళ్ళేవాళ్ళు కోటలతో పాటు ఆ పొగగొట్టాన్నీ చూడాలి. కొండ ఊళ్ళ అందంతో పాటు అవి కొండెక్కిన కారణాన్నీ తెలుసుకోవాలి. ఈ తీరాన్ని పాలించేవాళ్ళు అంతకంటే ముఖ్యమైన పాఠం నేర్చుకోవాలి. సముద్రపు ఒడ్డుకు దైవదత్తమైన వృత్తి ఏదీ లేదు. చేప, ఇనుము, ద్రాక్ష అన్నీ వచ్చి పోయాయి. విహారాన్నీ మనుషులే తెచ్చారు. కనుక దానికి హద్దు గీయడం, పక్కన మరో ఉపాధిని నిలబెట్టడం, ఊరివాళ్ళకు ఇల్లు దక్కేలా చూడటం కూడా మనుషుల చేతిలో పనే.