పాఠం చెప్పేది పుస్తకమా, బెంచీయా?

కాన్వెంటులో పిల్లని చేర్చేటప్పుడు మనం ముందు అడిగేది ఫీజు సంగతి, ఆ తరవాత బస్సు సంగతి. టైంటేబుల్లో వారానికి ఒకటి రెండు గళ్ళలో కనబడే 'మోరల్ సైన్స్' ఏమిటని అడిగేవాళ్ళు తక్కువ. ఆ చిన్న గడి వెనక మాత్రం పెద్ద కథే ఉంది.

రాబర్ట్ నోబుల్ దొర 1843లో బందరులో బడి పెట్టాడు. ఇంగ్లీషుతో పాటు బైబిలు పాఠం తప్పనిసరి. పెద్దకులాల పిల్లలు మారితే దేశమే మారుతుందని ఆయన నమ్మకం. 1852లో ఇద్దరు విద్యార్థులు మతం పుచ్చుకునేసరికి ఊరు అట్టుడికి, బడి దాదాపు ఖాళీ అయింది. మళ్ళీ నిండిందనుకోండి. దొర ఇంగ్లండుకి తిరిగి వెళ్ళకుండా 1865లో ఇక్కడే కన్నుమూశాడు. అంతటి మనిషీ మాలమాదిగల పిల్లల్ని మాత్రం తన బడిలోకి రానివ్వలేదు. దేవుడి ముందు అందరూ ఒకటేనని పుస్తకం చెబితే, కాదని బెంచీ చెప్పింది. పిల్లలు ఏ పాఠం నేర్చుకుని ఉంటారంటారు?

ఇక దోర్నకల్ సంగతి చూడండి. తిరునల్వేలి సీమనుంచి 1909లో అజరయ్య గారు అక్కడికి వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో బిషప్పు అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి అందుకున్న మొదటి భారతీయుడు ఆయనే. ఆయన విద్యార్థులు మాల మాదిగ వాడల్లోని కూలివాళ్ళు. పగలంతా పొలంలో ఉంటారు, అక్షరం రాదు. అందుచేత పాఠం రాత్రిపూట లాంతరు దగ్గరికి మారింది, పుస్తకంలోంచి పాటలోకీ నోటికి వల్లించడంలోకీ దిగింది. ఉపదేశకుడు కాబోయేవాడు భార్యతో సహా వచ్చి చదువుకోవాలి, ఆవిడకీ పాఠాలు ఉండేవి. వాడలో ఆడవాళ్ళకి చెప్పేది ఆవిడే గదా! విద్యార్థి ఎవరో చూసుకున్నాక పాఠం తయారు చెయ్యడమంటే ఇదే అనిపిస్తుంది నాకు.

1950లో రాజ్యాంగం వచ్చింది. సర్కారు గుర్తింపు ఉన్న బళ్ళో ఇష్టం లేనివాళ్ళకి మతబోధ చెయ్యకూడదని 28వ అధికరణం చెబుతుంది. అందుకే చాలా కాన్వెంట్లలో క్రైస్తవ పిల్లలకి సత్యోపదేశం, మిగతావాళ్ళకి మోరల్ సైన్స్. అబద్ధమాడకూడదు, ఉన్నది పంచుకోవాలి అన్న మాటలకి ఏ మతంవాళ్ళకి మాత్రం అభ్యంతరం ఉంటుంది?

1998లో సైబర్ టవర్స్ తెరిచాక మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి వైపు ఎక్కడెక్కడి సంసారాలో వచ్చి చేరాయి. ఒకే తరగతిలో నాలుగు భాషల పిల్లలు కూచుంటున్నారు, సంతోషమే. కానీ పన్నెండో అంతస్తు ఫ్లాటులో అంట్లు తోమే ఆమె కూతురు ఆ తరగతిలో ఉందా?

ప్రైవేటు బళ్ళు 25 శాతం సీట్లు బీదపిల్లలకి ఇవ్వాలని 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది. మైనారిటీ సంస్థలకి అది వర్తించదని 2014లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కాబట్టి క్రైస్తవ బళ్ళని చట్టం బలవంతపెట్టదు. చేర్చుకుంటే అది వాళ్ళ మనసు మంచిదనం.

మనం తల్లులం కూడా తక్కువవాళ్ళం కాదు. పనిమనిషి కూతురు మన పిల్ల పక్కన కూచుంటే, "బడి స్థాయి పడిపోయింది" అని ముందుగా గొణిగేది మనమే కాబోలు. ఆ గొణుగుడు మానుకుంటే, ఏ పంతులమ్మా వెయ్యి గళ్ళలో చెప్పలేని మోరల్ సైన్స్ మనింట్లోనే మొదలవుతుంది.